మోదుగులు కొట్టేసి పెట్టిన తోట

పర్యావరణం అనే కొత్త పేపరు మా కాలేజీకి వచ్చినప్పుడు, దాన్ని ఎవరి నెత్తిన పెట్టాలా అని స్టాఫ్‌రూములో పెద్ద రగడే జరిగింది. డిగ్రీ చదివే ప్రతి ఒక్కరూ ఆ పేపరు పాసు కావాలి, లేకపోతే పట్టా ఇవ్వరు అని విశ్వవిద్యాలయం ఉత్తర్వు పంపింది. మరాఠీ చెప్పే సార్ తనకు చెట్ల సంగతి తెలియదన్నాడు. చరిత్ర సార్ తాను గడిచిపోయినవే చెప్తాను గాని రాబోయేవి చెప్పలేనన్నాడు. కామర్స్ సార్ నవ్వి ఊరుకున్నాడు. నేను భూగోళం చెప్పేదాన్ని. భూగోళంలో చెట్లూ నదులూ ఉంటాయి గనుక, పైగా ఆ గదిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే గనుక, చివరికి అది నా నెత్తిన పడింది.

అప్పటికి మరాఠీ సర్కారు కింద ఉన్న మా సిరొంచలో డిగ్రీ కాలేజీ అంటే రేకుల వరండా ఉన్న పొడుగాటి భవనం ఒకటి. ప్రాణహిత ఒడ్డు ఊళ్ల నుంచి, అడవి లోపలి ఊళ్ల నుంచి పిల్లలు వచ్చేవాళ్లు. ఇంట్లో తెలుగో గోండీనో మాట్లాడి, క్లాసులో మరాఠీలో నోట్సు రాసుకుని, పరీక్షలో ఏ భాషలోనూ సరిగా రాయలేక తిప్పలు పడేవాళ్లు. నేనూ అట్లాంటి మరాఠీ బడుల్లోంచే వచ్చినదాన్ని కాబట్టి సగం పాఠం మరాఠీలో, సగం మా తెలుగులో చెప్పేదాన్ని. అది ప్రిన్సిపాల్‌కు నచ్చేది కాదు. ఆయన వార్ధా వైపు మనిషి. మా ఊళ్లో చాలా కాలంగా ఉంటున్నా ఆయనకు వచ్చిన తెలుగంతా కూరగాయల బేరానికి సరిపోయేంతే.

పర్యావరణం పాఠ్యపుస్తకం మరాఠీలో వచ్చింది. దాన్ని రాసిన పెద్దమనుషులు పూనా దాటి ఎన్నడూ బయటికి వచ్చినట్టు లేదు. అందులో 'నేను ఏం చేయగలను' అని ఒక అధ్యాయం. తొట్టి నిండా నీళ్లు పట్టి స్నానం చేయకండి, షవరు వాడండి. ఏసీని మరీ చల్లగా పెట్టుకోకండి. కారులో ఒక్కరే పోకండి, పక్కింటివాళ్లను కూడా ఎక్కించుకోండి. దాన్ని నేను మొహం మామూలుగా పెట్టుకుని చదివి వినిపించాలి. చదివాను కూడా.

వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. ప్రాణహిత దిగువన ఒక ఊళ్లో వరి పండించే ఇంటి పిల్ల. సైకిలు మీద వచ్చేది. చదువు మీద పెద్ద ధ్యాస లేదు, నోరు మాత్రం గట్టిది. తలాఠీ కావాలని ఆ పిల్ల పట్టుదల. తలాఠీ అంటే మా వైపు ఊరి భూముల లెక్కలు చూసే సర్కారు మనిషి. ఒక తలాఠీ వాళ్ల నాన్నను కాగితం ఒక్కటి ఇవ్వడానికి ఎండాకాలమంతా తిప్పాడట. ఆ కుర్చీలో తానే కూర్చుంటే ఎట్లుంటుందో చూడాలని ఆమె కోరిక.

"మేడం, మా పక్కింటోళ్లను దేంట్ల ఎక్కించుకోవాలె? ఎడ్లబండ్లనా?"

క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

"ఎడ్లబండి ఉంటే ఎడ్లబండ్లనే," అన్నాను.

"ఇప్పటికే మస్తుమంది ఎక్కుతున్నరు మేడం. ఇంకొకలను ఎక్కిస్తే పర్యావరణం బతుకుతదేమో గని ఎడ్లు సస్తయి."

ఆ రోజు నుంచి పుస్తకం మూసి పెట్టి, ఏరు ఏ ఏడు ఏ గట్టు కోసుకుపోయింది, బీడీలకు వాడే తునికాకు కోతకు అడవిలో ఎందుకు నిప్పు పెడతారు, పెడితే ఏమవుతుంది, ఇట్లాంటివి మాట్లాడటం మొదలుపెట్టాను. పిల్లలు మాట్లాడేవాళ్లు. గొంతులు పెంచి తగాదా కూడా పడేవాళ్లు. అయితే పరీక్షలో వచ్చేది షవరు, ఏసీ, కారే. అందుకని వారంలో ఒక గంట ఆ చెత్తను బట్టీ పట్టించేదాన్ని.

ఆ చలికాలం, 'ప్రతి పాఠంలో పర్యావరణం' అనే శిక్షణకు చామోర్షికి రమ్మని పిలుపు వచ్చింది. ప్రిన్సిపాల్ నన్నూ కామర్స్ సార్‌నూ పంపాడు. కామర్స్ సార్ ముల్చేర వాడు. మెత్తటి మనిషి, దేన్నీ మనసుకు పట్టించుకోడు. ఎర్రబస్సులో, గుంతల రోడ్డు మీద, ఒళ్లు హూనమయ్యేలా ప్రయాణం చేసి దిగేసరికి హాలు ముందు పెద్ద కారొకటి ఆగి ఉంది. ఇంజను నడుస్తూనే ఉంది. లోపల డ్రైవరు ఏసీలో కునుకు తీస్తున్నాడు. ఆ కారులో వచ్చిన నిపుణుడే లోపల వేదిక మీద నిలబడి, భూమి వేడెక్కిపోతోందని బాధపడుతున్నాడు.

ఆయన వేషం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఖాదీ లాల్చీ, భుజాన జనపనార సంచి, మెడలో ఏవో గింజల దండ. ఏ దేశాల్లో ఏ సభలకు పోయి వచ్చాడో ముందు అది చెప్పాడు. తర్వాత 'శాశ్వత వికాసం' అన్నాడు. తెలుగులో మనం సుస్థిర అభివృద్ధి అంటామే, దానికి మరాఠీ మాట అది. శాశ్వత వికాసాన్ని ప్రతి పాఠంలో కలపాలట, పప్పులో ఉప్పు కలిపినట్టు.

కామర్స్ సార్ నా వైపు వంగి మెల్లగా అన్నాడు: "మేడం, జమాఖర్చుల్ల గిది ఎట్ల కలుపుడు? ఎర్రసిరా బదులు ఆకుపచ్చ సిరా వాడాల్నా?"

"అడుగండి సార్, చెప్తడు."

"నాకెందుకు? పప్పు ఆయనది, ఉప్పు ఆయనది."

మధ్యాహ్నం థర్మోకోల్ పళ్లేలలో భోజనం పెట్టారు. ప్రతి ఒక్కరికీ ఒక ప్లాస్టిక్ నీళ్ల సీసా. తిన్న పళ్లేలు హాలు వెనక కుప్పపడ్డాయి. కుక్కలు వాటిని లాక్కుపోయి రోడ్డంతా పరిచాయి. నిపుణుడు చేయి కడుక్కుంటూ నన్ను ఏ ఊరని అడిగాడు. సిరొంచ అన్నాను. "ఆహా, మీరు ఎంత అదృష్టవంతులు! మీ పిల్లలు ప్రకృతి ఒడిలో ఉన్నారు" అన్నాడు. వానలు మొదలైతే రోడ్డు తెగి, మలేరియా పట్టిన పిల్లను మంచం మీద మోసుకొచ్చే ఒడి అది. ఆ మాట చెప్పాను. ఆయన తల ఊపి, "అదే మనం నేర్చుకోవలసినది" అన్నాడు. ఏది నేర్చుకోవాలో నాకు అర్థం కాలేదు. ఆయనకూ అయి ఉండదు.

పోయే ముందు ఒక ప్రకటన చేశాడు. పర్యావరణ విద్యలో ముందున్న కాలేజీకి షీల్డు ఇస్తారట. ఆవరణలో 'పర్యావరణ ఉద్యానం' ఉన్న కాలేజీలను కమిటీ వచ్చి చూస్తుందట. కామర్స్ సార్ ఆ సంగతి ప్రిన్సిపాల్‌కు చెప్పాడు. చెప్పకపోతే బాగుండేది.

మా కాలేజీ వెనక ఒక పొదల జాగా ఉండేది. మోదుగులు, రేగు, తంగేడు, మధ్యలో వేపలు. ఎవరూ నాటినవి కావు, నీళ్లు పోసినవీ కావు. ఎండలు ముదిరే ముందు మోదుగులు విరగబూసేవి. పిల్లలు పువ్వులు తెచ్చి హోళీకి రంగు కాచుకునేవాళ్లు. కానీ ఆ పొదలతో ఆడపిల్లలకు ఉన్న అసలు అవసరం వేరు. వాళ్లకు మరుగుదొడ్డి లేదు. భవనంలో ఒక తలుపు మీద మరాఠీలో 'మహిళా ప్రసాధన గృహం', అంటే ఆడవాళ్ల మరుగుదొడ్డి, అని రాసి ఉండేది గాని, దానికి ఎప్పుడూ తాళమే. లోపల విరిగిన బెంచీలు, పాత జవాబు పత్రాల కట్టలు కుక్కి ఉండేవి. మా ఇల్లు దగ్గర కాబట్టి నేను మధ్యాహ్నం ఇంటికి పోయి వచ్చేదాన్ని. పిల్లలు ఇద్దరిద్దరు కలిసి ఆ పొదల్లోకి పోయేవాళ్లు.

ఆ చలికాలం సెలవుల తర్వాత కాలేజీకి పోయేసరికి ఆ పొదలు లేవు. కూలీలను పెట్టి మొత్తం కొట్టించి, ట్రాక్టరుతో చదును చేయించారు. నాగపూర్ నుంచి లారీలో వచ్చిన గడ్డి చాపలు పరిచారు. దాని చుట్టూ అశోక మొక్కలు, తెల్లసున్నం కొట్టిన ఇటుకలు. మధ్యలో ఒక సిమెంటు జింక. అడవిలో నిజం జింకలు తిరిగే తాలూకాలో, సిమెంటు జింక! బోరు నుంచి పైపు వేసి పొద్దుమాపూ ఆ గడ్డికి నీళ్లు పెడుతున్నారు. గేటు మీద 'చెట్లను కాపాడండి' అని మరాఠీలో పెద్ద బోర్డు.

నేను నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి పోయాను.

"సార్, ఆడపిల్లలు ఇప్పుడు ఎటు పోవాలి?"

"ఎటు అంటే?"

"వాళ్లు ఆ పొదల్లోకే పోయేవాళ్లు సార్."

ఆయన మొహం కందిపోయింది. చేతిలో ఉన్న పేపర్‌వెయిట్‌ను అటు తిప్పి ఇటు తిప్పి, "మేడం, ఇటువంటివి కమిటీ వెళ్లిన తర్వాత చూద్దాం. అయినా రికార్డులో ప్రసాధన గృహం ఉంది కదా" అన్నాడు.

"రికార్డులో ఉంది సార్. లోపల విరిగిన బెంచీలు ఉన్నాయి."

"అంటే ఉన్నట్టే కదా!"

ఆ మాట ఆయన వెటకారానికి అనలేదు. మనస్ఫూర్తిగా అన్నాడు. కాగితం మీద ఉన్నది లోకంలో ఉన్నట్టే అని నమ్మే మనుషులను చాలామందిని చూశాను గాని, ఇంత నిర్మలంగా నమ్మిన మనిషిని ఆయన ఒక్కడినే చూశాను.

ఆడపిల్లలు పొద్దున ఇంటి దగ్గర నీళ్లు తాగడం మానేశారు. దగ్గరి ఊళ్లవాళ్లు మధ్యాహ్నానికే వెళ్లిపోయేవాళ్లు. దూరం నుంచి వచ్చేవాళ్లలో కొందరు రావడమే మానుకున్నారు. ఒక సంతరోజు ఆ నోరుగల పిల్ల వాళ్లమ్మ మా ఇంటికి వచ్చింది. సంచి గడప దగ్గర పెట్టి, కూర్చోమంటే కూర్చోకుండా నిలబడే అడిగింది.

"పంతులమ్మా, మా పిల్లకు పొత్తికడుపుల ఒకటే నొప్పి. దవాఖానకు తోల్కపోతే, నీళ్లు తాగుతలేదా అని అడుగుతుండు డాక్టరు. ఏం మీ కాలేజీల నీళ్లు లేవా ఏంది?"

"నీళ్లున్నయమ్మా."

"మరెందుకు తాగుతలేదు? అడిగితే నాకు చెప్తలేదు."

చెప్పాను. ఆమె ఒకసారి కాలేజీ వైపు చూసింది. "గడ్డికేమో పొద్దంత నీళ్లు పెడుతున్నరు," అంది. అంతే, సంచి ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు కమిటీ వచ్చింది. కమిటీ అంటే ముఖ్యంగా ఆ జనపనార సంచి నిపుణుడే. మిగతావాళ్లు ఆయన వెనక నడిచి తలలూపేవాళ్లు. స్వాగతానికి ఆడపిల్లలను చీరల్లో, హారతి పళ్లేలతో ఎండలో నిలబెట్టారు. ప్రిన్సిపాల్ ముందు నడుస్తూ ఒక్కొక్క అశోక మొక్కనూ కొడుకును పరిచయం చేసినట్టు పరిచయం చేశాడు. నిపుణుడు జింక తల నిమిరాడు. తర్వాత వరసలో నిలబడిన ఆ పిల్ల ముందు ఆగి, మరాఠీలో, "ఏమ్మా, తోట ఎలా ఉంది?" అని అడిగాడు.

ఆ పిల్లకు మరాఠీ బాగా వచ్చు. అయినా కావాలనే తెలుగులో జవాబు చెప్పింది.

"తోట మంచిగనే ఉన్నది సార్. ఇదివరకు గీడ పొదలుండె. మేం గా పొదలల్లకే పోతుంటిమి. ఇగ ఇప్పుడు యాడికి పోవాలె?"

తెలుగు అర్థం కాక నిపుణుడు ప్రిన్సిపాల్ వైపు చూశాడు. ప్రిన్సిపాల్ రెప్ప వేయకుండా తర్జుమా చేశాడు: "డిగ్రీ తర్వాత పర్యావరణంలో పైచదువుకు ఎక్కడికి పోవాలి అని అడుగుతోంది సార్."

"శభాష్!" నిపుణుడి మొహం వెలిగిపోయింది. "నాగపూర్ రా అమ్మా, నాగపూర్! అక్కడ అన్ని సౌకర్యాలూ ఉన్నాయి."

 ఆ పిల్ల నా వైపు తిరిగి, అందరికీ వినపడేలా అంది: "మేడం, పాయిఖానకు నాగపూర్ పొమ్మంటుండు."

హారతి పళ్లేలు పట్టుకున్న చేతులు వణికిపోయేలా నవ్వారు పిల్లలు. ఒక పళ్లెం కింద పడింది కూడా. నిపుణుడు తనను మెచ్చుకుని నవ్వుతున్నారనుకుని తానూ నవ్వాడు. అది చూసి నాకు ఒళ్లు మండింది. ముందుకు పోయి ఆ పిల్ల అడిగినదాన్ని ఉన్నదున్నట్టు మరాఠీలో చెప్పాను. పొదలు ఎవరు కొట్టించారో, తాళం వేసిన గదిలో ఏం ఉందో అదీ చెప్పాను.

నిపుణుడి నవ్వు మెల్లగా దిగిపోయింది. ఆయన ప్రిన్సిపాల్‌ను చూడలేదు, నన్నూ చూడలేదు, సిమెంటు జింకను చూశాడు. "ఇది పాలనా సంబంధమైన విషయం మేడం. మన అంశం పర్యావరణం," అన్నాడు.

భోజనానికి ముందు ఆయనకు కూడా ఆ అవసరం పడింది. ప్రిన్సిపాల్ స్వయంగా వెంట ఉండి తన క్వార్టరుకు తీసుకుపోయాడు. అప్పుడు మాత్రం పాలనా సంబంధమైన విషయమని ఎవరూ అనలేదు.

సాయంత్రం ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, కాలేజీ పరువు గంగలో కలిపానన్నాడు. అయితే ఆయన బాధ ఎక్కువ రోజులు నిలవలేదు. షీల్డు మాకే వచ్చింది. పోటీకి దిగిన మిగతా కాలేజీల్లో సిమెంటు జింక లేదేమో.

షీల్డు ఇచ్చే సభకు తహసీల్దారు ముఖ్య అతిథి. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు, ఎక్కడో పశ్చిమాన పెద్ద ఊరి నుంచి వచ్చినవాడు. ఆ రోజు ఆడపిల్లలు స్వాగతగీతం పాడాలి. అందరూ వచ్చారు, చీరలు కట్టుకునే వచ్చారు, కాని గేటు లోపలికి రాలేదు. గేటు ముందు మట్టి రోడ్డు మీద వరసగా కూర్చున్నారు. ఆ ఆలోచన ఎవరిదో నేను అడగలేదు. తహసీల్దారు జీపు వచ్చి వాళ్ల ముందు ఆగింది. ప్రిన్సిపాల్ పూలదండతో పరుగెత్తాడు.

ఈసారి ఆ పిల్ల స్వచ్ఛమైన మరాఠీలో మాట్లాడింది. "సార్, లోపల మరుగుదొడ్డి కట్టిన తర్వాత లోపలికి వస్తాం. పాట కూడా పాడతాం."

"అంటే, లోపల మరుగుదొడ్డి లేదా?" అన్నాడు తహసీల్దారు.

"ఉంది సార్, ఉంది," అన్నాడు ప్రిన్సిపాల్.

"అయితే చూపించండి."

తాళం చెవి దొరకలేదు. దొరకదని ప్రిన్సిపాల్ అనుకున్నాడు, ఆయనకు అదే కావాలి. కాని తహసీల్దారు దండ మెడలో వేసుకునే ఎదురుచూశాడు. చివరికి ప్యూను రాయితో తాళం పగలగొట్టాడు. తలుపు తీసేసరికి బెంచీలు దబదబా బయటికి దొర్లాయి. వాటి వెనక జవాబు పత్రాల కట్టలు తెగి వరండా అంతా చెల్లాచెదురయ్యాయి. ఒక కాగితం తహసీల్దారు బూటు మీద పడింది. ఆయన వంగి తీసి ప్రిన్సిపాల్ చేతికిచ్చాడు, ఒక్క మాట అనకుండా. ఆయన కోప్పడి ఉంటే ప్రిన్సిపాల్ తట్టుకునేవాడు. ఏమీ అనకపోవడంతో కూలిపోయాడు.

సభ సగం ఖాళీ కుర్చీల ముందు జరిగింది. షీల్డు తెచ్చిన నిపుణుడు మాత్రం తన ఉపన్యాసం ఒక్క ముక్క తగ్గించలేదు. వానలు పడేలోపు ఇటుక గోడలతో, రేకు కప్పుతో ఆడపిల్లలకు మరుగుదొడ్డి కట్టారు. నీళ్లకు వేరే ఏర్పాటు కుదరక, గడ్డికి వేసిన పైపునే దానికి తిప్పారు. గడ్డి ఆ ఎండాకాలమే మాడిపోయింది. నేను పోయి చూసి మరీ సంతోషించాను.

పర్యావరణం పేపరు నా దగ్గర నుంచి తీసి కామర్స్ సార్‌కు ఇచ్చారు. ఆయన బజారు గైడు తెచ్చి, ఉన్నదున్నట్టు డిక్టేషన్ ఇచ్చాడు. పిల్లలందరూ పాసయ్యారు. ఆ పిల్ల కూడా. తలాఠీ పరీక్ష మొదటిసారి తప్పింది, తర్వాతిసారి గట్టెక్కింది. కమలాపూర్ వైపు ఊళ్లకు వేశారు. అప్పుడప్పుడు ఫోను చేసేది. "మేడం, జనం మస్తు పరేషాన్ చేస్తున్నరు. ఒక్క కాగితానికి ఎన్నిసార్లు తిరుగుతరో!" అనేది. "తిప్పుతున్నది ఎవరే?" అంటే కిసుక్కున నవ్వి, "ఇచ్చేస్తున్న మేడం, ఇచ్చేస్తున్న" అనేది.

కొన్నేళ్లకు గడ్చిరోలిలో మళ్లీ ఒక సదస్సు జరిగింది. ఉన్నత విద్యలో శాశ్వత వికాసం. పోకపోతే సంజాయిషీ రాయాలి కాబట్టి పోయాను. వేదిక మీద అదే నిపుణుడు. సంచి మారింది, గింజల దండ పెద్దదయింది. తెర మీద బొమ్మలు వేసి చూపిస్తున్నాడు. ఒక బొమ్మ దగ్గర నేను కుర్చీలో ముందుకు జరిగాను. మా రేకు కప్పు మరుగుదొడ్డి అది.

"మారుమూల సిరొంచలో, ఆడపిల్లల కోసం, పర్యావరణ విద్యలో భాగంగా మేము సాధించిన మార్పు ఇది," అంటున్నాడాయన. "ఒక అమ్మాయి కళ్లలో నీళ్లతో నన్ను అడిగింది..."

నేను లేచి నిలబడ్డాను. "సార్, ఆ అమ్మాయి ఏడవలేదు. మిమ్మల్ని చూసి నవ్వింది. మీరు ఆమెను నాగపూర్ రమ్మన్నారు. ఇది పాలనా సంబంధమైన విషయమన్నారు. ఆ మరుగుదొడ్డి పిల్లలు రోడ్డు మీద కూర్చుంటే వచ్చింది. దాంట్లో మీరు చేసింది ఏమీ లేదు."

అందరూ నా వైపు తిరిగారు. ఆయన కళ్లజోడు సవరించుకుని నన్ను పరికించి చూశాడు. గుర్తు పట్టాడో లేదో నాకిప్పటికీ తెలియదు. తర్వాత రెండు చేతులూ చాచి, మొహం నిండా నవ్వుతో, "చూశారా! ఆనాటి మా బృందంలోని మేడం ఇక్కడే ఉన్నారు. క్షేత్రస్థాయిలో ఇటువంటి నిర్భయమైన గొంతులే మాకు బలం. దయచేసి చప్పట్లు!" అన్నాడు.

కొట్టారు. హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. ఎవరో నా చేయి పట్టుకుని వేదిక ఎక్కించారు, ఇంకెవరో ఫొటో తీశారు. నేను కాదు కాదంటుండగానే ఆయన నాకు శాలువా కప్పాడు.

దాన్ని సిరొంచ తెచ్చి గచ్చు తుడవడానికి పెట్టాను. నైలాను బట్ట, నీళ్లు కూడా పీల్చలేదు.